పేర్లతో జవాబు చెప్పిన భండారు అచ్చమాంబ

(మహిళా దినోత్సవం నాడు ఒక చదువరుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడు మార్చి 8 నాడు మనం కొన్ని పేర్లు తలుచుకుంటం. రుద్రమదేవి అంటం. ఝాన్సీ లక్ష్మీబాయి అంటం. చాకలి ఐలమ్మ అంటం. ఫోటోలకు దండలేస్తం, నాలుగు పాటలు పాడుకుంటం, ఇండ్లకు పోతం. తప్పేం లేదు. కానీ ఒక్క సంగతి ఎన్నడూ అడుగం. ఈ పేర్లు మనదాంక ఎట్ల వచ్చినయి? ఎవరో ఒకరు వెతికి, అడిగి, కూర్చొని రాస్తేనే గదా వచ్చినయి. ఆ రాసినోళ్ల పేరు ఏ ఫ్లెక్సీ మీద కనబడది.

అందుకే ఈసారి మేము గొప్ప స్త్రీల గురించి మాట్లాడదలుచుకోలేదు. గొప్ప స్త్రీల జీవితాలను రాసి పెట్టిన ఒక స్త్రీ గురించి మాట్లాడుతం. ఆమె భండారు అచ్చమాంబ. తెలుగులో స్త్రీల చరిత్రలను పుస్తకంగా రాసిన తొలి స్త్రీ. బతికింది ముప్పై ఏండ్లు. బడి ముఖం చూడలేదు. అయినా మన సాహిత్య చరిత్రలో ఆమె వేసిన తొవ్వ మీదనే తర్వాతోళ్లు నడిచిండ్రు. కొందరు తెలిసి నడిచిండ్రు, శానామంది తెలువక నడిచిండ్రు.

మేము పండితులం కాదు. ఆఫీసుల్లో ఫైళ్లు చూసుకునేటోళ్లం, బడుల్లో పాఠాలు చెప్పుకునేటోళ్లం, పరీక్షలకు చదువుకునేటోళ్లం కొందరం. నెలకోసారి కూడి ఒక పుస్తకం చదువుకుంటం. అచ్చమాంబ పేరు మాకూ ఆలస్యంగనే తెలిసింది. తెలిసినంక సిగ్గయ్యింది. ఆ సిగ్గులోంచి వచ్చిన మాటలివి.

దేవరకొండలో పెరిగిన పిల్ల

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. ఇప్పుడు ఆ ఊరు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమాంబ. పిల్లకు ఆరేండ్లుండంగనే తండ్రి పోయిండు. అప్పటికి తమ్ముడు లక్ష్మణరావు మూడేండ్లోడు. తల్లి ఇద్దరు పిల్లలను పట్టుకొని నల్లగొండ జిల్లా దేవరకొండకు వచ్చింది. సవతి అన్న శంకరరావు నీడన ఆ కుటుంబం బతికింది. అంటే అచ్చమాంబకు బుద్ధి తెలిసిన పొద్దు, ఆటలాడుకున్న వాకిలి, చెవిన పడ్డ మాట మన దేవరకొండవి.

ఆ వాకిట్లో ఆట ఎన్నేండ్లు? పదేండ్లకే పెండ్లయ్యింది. పెండ్లికొడుకు మేనమామ భండారు మాధవరావు. ఆయనకు ఇది రెండో పెండ్లి. ఆయన కొలువు మధ్య పరగణాల్లో, నాగపూర్ దిక్కు. పిల్ల అత్తగారింటికని పోయింది పుట్టింటోళ్ల బంధువింటికే, కానీ భాష తెలువని దేశానికి. కొన్నాళ్లకు తల్లి, తమ్ముడు కూడా ఆమె దగ్గరికే చేరిండ్రు.

ఆ తమ్ముడే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. ఆయన సంగతి మన చదువరులకు కొత్తగ చెప్పే పని లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడు మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావులతో కలిసి నిలబడ్డోడు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలను తెలుగులో తెచ్చినోడు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నోడు. ఆయనకు జయంతులున్నయి. ఆ ఇంట్లనే పెరిగిన అక్కకు ఏమున్నది?

ఇక్కడ ఒక మాట స్పష్టంగ చెప్పుకోవాలె. పేర్లు కలిసి శానామంది తికమక పడుతరు. లక్ష్మణరావు బిడ్డ పేరు కూడా అచ్చమాంబే. ఆమె డాక్టరు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచింది. ఆమె కొమర్రాజు అచ్చమాంబ. మేము చెప్తున్నది ఆమె మేనత్త గురించి, భండారు అచ్చమాంబ గురించి.

తమ్ముని పుస్తకాల పక్కన

తమ్ముడు బడికి పోయిండు. అక్క పోలేదు. పోవాలని ఎవరూ అనలేదు కూడా. ఆనాటి రివాజు అది. కానీ తమ్ముడు ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే పక్కన అక్క కూడా కూసునేది. అట్ల మొదలైంది ఆమె చదువు. తెలుగు, హిందీ అట్లనే వచ్చినయి. నాగపూర్ దిక్కు ఉన్నది కాబట్టి మరాఠీ వచ్చింది. తర్వాత గుజరాతీ, బెంగాలీ, ఇంగ్లీషు, సంస్కృతం కూడా చదువుకున్నది.

పరీక్షలు పెట్టినోడు లేడు, సర్టిఫికెట్ ఇచ్చినోడు లేడు. మన ఇండ్లల్లో ఇప్పటికీ ఇట్ల నేర్చుకున్న అక్కలు ఎంతమంది లేరు? తమ్ముని తరగతి పుస్తకం చూసి అక్షరాలు కూడబలుక్కున్నోళ్లు, కొడుకు పలక మీద పేరు రాసుడు నేర్చుకున్నోళ్లు. వాళ్లను మనం చదువుకున్నోళ్ల లెక్కల ఎన్నడూ రాయం. జనాభా లెక్కలోడు వస్తే వాళ్లే చెప్తరు, ‘నాకేం చదువు రాదు సారూ’ అని.

అచ్చమాంబ ఉన్న చోటు కూడా ఆమెకు కలిసొచ్చింది. మరాఠీ నేల అప్పుడు ఆడవాళ్ల ప్రశ్నలతోని ఉడుకుతున్నది. 1848లో పుణెలో జ్యోతిబా ఫూలే, సావిత్రిబాయి ఫూలే ఆడపిల్లల బడి తెరిచిండ్రు. 1882లో తారాబాయి షిండే ‘స్త్రీ పురుష తులన’ రాసింది. 1886లో ఆనందీబాయి జోషి అమెరికాలో డాక్టరు చదువు పూర్తి చేసి, మరుసటేడే చనిపోయింది. 1887లో పండిత రమాబాయి హిందూ స్త్రీల స్థితి మీద ఇంగ్లీషుల పుస్తకం వేసింది. మరాఠీ చదువ వచ్చిన తెలుగు ఆడమనిషికి ఇదంతా ఇంటి కిటికీలోంచి కనబడ్డట్టే.

సొంత బతుకులో మాత్రం దెబ్బ మీద దెబ్బ. కన్న పిల్లలు దక్కలేదు. ఆ దుఃఖంలో ఆమె మూలకు కూసోలేదు. దిక్కులేని పిల్లలను చేరదీసి సాదుకున్నది, చదువు చెప్పించింది. కలం పట్టింది.

అబలలు అన్నోళ్లకు జవాబు

1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలుగు చూసింది. కందుకూరి వీరేశలింగం నడిపిన చింతామణి ద్వారా ఆ జీవిత చరిత్రలు పాఠకులకు చేరినయి.

ఆ రోజులను ఒక్కసారి మనసుల పెట్టుకోవాలె. ఆడవాళ్లకు తెలివి తక్కువ అనేటోళ్లు ఉన్నరు. బలం లేదు, ధైర్యం లేదు అనేటోళ్లు ఉన్నరు. చదువు చెప్తే చెడిపోతరు, మొగనికి ఎదురు తిరుగుతరు అనేటోళ్లు అందరికన్న ఎక్కువ ఉన్నరు. ఈ మాటలకు సంస్కర్తలు వాదంతోని జవాబు చెప్పిండ్రు. ఉపన్యాసాలు ఇచ్చిండ్రు, శాస్త్రాలు తిరగేసిండ్రు. ఆడవాళ్లు ఎట్ల ఉండాలెనో చెప్పే పుస్తకాలు కూడా మొగోళ్లు శాన రాసిండ్రు.

అచ్చమాంబ వేరే పని చేసింది. ఆడవాళ్లు ఎట్ల ఉండిరో చూపించింది. ఇగో ఈమె రాజ్యం ఏలింది, ఇగో ఈమె శాస్త్రం చదివింది, ఇగో ఈమె కవిత్వం చెప్పింది అని ఒక్కొక్కరి బతుకును తెచ్చి ముందర పెట్టింది. తెలివి లేదన్నవు గదా, మరి వీళ్లంతా ఎవరు? ఇదీ ఆ పుస్తకం అడిగిన ప్రశ్న. పుస్తకం పేరులో ‘అబల’ అని ఉన్నది. బలం లేనిది అని ఆ మాటకు అర్థం. లోపలి పేజీలన్నీ ఆ మాటను కొట్టేసేటియే.

ఈ జవాబు తీరు మనకు తెలిసిందే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి ఏం చేసిండు? తిట్టు రాయలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. 354 మంది కవుల లెక్క ముందర పెట్టిండు. అది చదివినంక లేరన్న మాటకు నిలువ నీడ లేకపోయింది. సురవరం ఒక ప్రాంతం కోసం 1934లో చేసిన పని తీరునే అచ్చమాంబ ఆడవాళ్ల కోసం 1901లోనే చేసింది. లేరు అన్నోనికి పేర్లు చదివి వినిపించుడు కన్న గట్టి జవాబు లేదు.

ఆ పని ఎంత కష్టమో ఇయ్యాల మనకు అందదు. ఫోన్ల వేలు పెడితే ఎవరి చరిత్రయినా వస్తున్నది. ఆమెకు చుట్టూ తెలుగు మాట్లాడేటోళ్లే తక్కువ. తెలుగులో స్త్రీల చరిత్రలు ఒక్కచోట కూర్చిన పుస్తకం లేదు. మరాఠీలో ఒక ముక్క, హిందీలో ఒక ముక్క, బెంగాలీలో ఒక ముక్క చదివి, పోల్చి చూసుకొని, తెలుగులో రాయాలె. ఇంటి పని ఉండనే ఉన్నది. మొత్తం పనిని మూడు భాగాలుగ చేయాలనుకున్నది. మన దేశ చరిత్రలోని స్త్రీలు, వేద పురాణ కాలాల స్త్రీలు, విదేశాల స్త్రీలు. అనుకున్నదంతా పూర్తి చేసే ఆయుష్షు ఆమెకు లేకపోయింది.

ఖనా నాలుక

ఆ పుస్తకంలోని చరిత్రల్లో ఖనా చరిత్ర ఒకటి. సూసీ థారు, కె. లలిత కలిసి 1991లో భారతీయ భాషల స్త్రీల రచనలను ఇంగ్లీషుల పెద్ద సంపుటంగ తెచ్చినప్పుడు అచ్చమాంబ రచనల్లోంచి తీసుకున్నది ఈ ఖనా చరిత్రనే.

ఖనా ఎవరు? బెంగాల్ దిక్కు జనం చెప్పుకునే కథ ప్రకారం ఆమె జ్యోతిష శాస్త్రంల దిట్ట. చుక్కల లెక్కలో మామను మించింది. మామకు తేలని లెక్క కోడలు తేల్చింది. రాజు ఆమెను సభకు పిలువాలనుకున్నడు. కోడలు సభకెక్కితే ఇంటి పరువేం గావాలె? ఆమె నాలుక కోసేసిండ్రని కథ. ఇది చరిత్రనో, జనం నోట పెరిగిన గాథనో తేల్చుడు పండితుల పని. కానీ వాన ఎప్పుడు పడుతది, ఏ పంట ఎప్పుడు ఎయ్యాలె అని చెప్పే సామెతలు ఖనా పేరు మీద బెంగాల్ రైతుల నోట్ల బతికి ఉన్నయి. నాలుక కోసినా మాట పోలేదు.

ఈ కథను తెలుగు ఆడవాళ్ల చేతికి అందించుడంటే చిన్న సంగతి కాదు. ఖనాకు శిక్ష పడ్డది తప్పు లెక్క చెప్పినందుకు కాదు, సరైన లెక్క చెప్పినందుకు. ఆఫీసుల్లో పనిచేసే మా అక్కలు ఈ కథ చదివి నవ్విండ్రు. ‘ఇప్పుడు నాలుక కోస్తలేరు, మీటింగుల మాట కోస్తున్నరు’ అన్నది ఒక అక్క. మేము అందరం నవ్వినం. తర్వాత జరసేపు ఎవ్వరం ఏం మాట్లాడలేదు.

కథలు, సమాజాలు

అచ్చమాంబ చరిత్రలతోని ఆగలేదు. 1902లో ‘హిందూ సుందరి’ పత్రిక మొదలైంది. ఆడవాళ్ల కోసం వచ్చిన పత్రిక అది. అండ్ల ఆమె కథలు రాసింది. ‘స్త్రీవిద్య’ భార్యాభర్తల సంభాషణగ నడుస్తది. చదువు ఎందుకు అనే ప్రశ్న మీదనే కథంతా. ‘ధనత్రయోదశి’లో బొంబాయిలో చిన్న కొలువు చేసుకునే బీద గుమాస్తా, పండుగపూట ఇంట్ల ఏం లేక యజమాని సొమ్ముకు ఆశపడుతడు. భార్య ఒప్పుకోదు, తిరిగి ఇచ్చేటట్టు చేస్తది. కథలో గెలిచేది ఆమె బుద్ధి.

తెలుగులో తొలి కథ ఏది అంటే శానా కాలం ఒక్కటే జవాబు ఉండె. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’, 1910. పరీక్షలో అదే రాసినం, మార్కులు తెచ్చుకున్నం. అచ్చమాంబ కథలు దానికి ఎనిమిదేండ్ల ముందటియి. ఈ సంగతి మీద పరిశోధకుల నడుమ వాదం నడిచింది. తెలంగాణ పరిశోధకుడు సంగిశెట్టి శ్రీనివాస్ ఆమె కథలను వెతికి తీసి ‘తొలి తెలుగు కథలు’ పేరుతో సంపుటం తెచ్చిండు. గురజాడను తక్కువ చేసుడు మా ఉద్దేశం కాదు. ‘దిద్దుబాటు’ గొప్ప కథే. కానీ ఎనిమిదేండ్ల ముందు అచ్చయిన కథలు కండ్ల ముందు ఉన్నా లెక్కలోకి రాలేదంటే, లెక్కలు రాసినోళ్ల చూపు ఎటు ఉన్నదో అడగక తప్పదు.

ఆమె రాసి ఊకోలేదు కూడా. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. కోస్తా ఊర్లలో తిరిగి, ఆడవాళ్లను కూడగట్టి, స్త్రీ సమాజాలు పెట్టుకోవాలని చెప్పింది. ఇంట్ల ఒక్కదానివే కూసొని చదివితే నీ దుఃఖం నీ ఒక్కదానిదే అనిపిస్తది. పదిమంది కూడి చదివితే అది అందరిదని తెలుస్తది. ఈ ఎరుక ఆమెకు నూట ఇరవై ఏండ్ల కిందనే ఉన్నది.

బిలాస్‌పూర్

1905 జనవరిలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో అచ్చమాంబ చనిపోయింది. ఊర్ల ప్లేగు సోకింది. జనం ఇండ్లు వదిలిపెట్టి పోతున్న కాలం. ఆమె రోగులకు సేవ చేసింది. అదే రోగం ఆమెకూ అంటింది.

అంతకు ఎనిమిదేండ్ల ముందు, 1897లో, పుణెలో సావిత్రిబాయి ఫూలే కూడా ప్లేగు రోగులకు సేవ చేస్తూనే చనిపోయింది. ఇద్దరూ చదువు కోసం తండ్లాడినోళ్లే. ఇద్దరి చావూ ఒక్క తీరుగనే వచ్చింది. చదువు మనిషికి ఏం నేర్పుతది అని ఎవరన్నా అడిగితే ఈ రెండు చావులు చూపిస్తే చాలు.

ఆమె చనిపోయిన ఏడాదికి, 1906లో, తమ్ముడు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టిండు. జీవిత చరిత్రలు, దేశ చరిత్రలు తెలుగులో రావాలె, మామూలు జనం చదువాలె అన్న పనే అది. ఆ పని ఇంట్ల అక్క చేతుల మీదుగ ముందే మొదలైందని మేము అనుకుంటున్నం.

ఎవరి మనిషి?

ఆమె ఎవరి మనిషి అని అడిగేటోళ్లు ఉంటరు. పుట్టుక కృష్ణా జిల్లా. పెరిగింది దేవరకొండ. రాసింది మధ్య పరగణాల్లో. సమాజం పెట్టింది బందరులో. చనిపోయింది బిలాస్‌పూర్‌లో. మనదని చెప్పుకునే హక్కు మనకు ఉన్నది, చెప్పుకుంటం. దేవరకొండలో పెరిగిన పిల్ల ఆమె. కానీ ఒక్క సంగతి మరువద్దు. మనది అని బోర్డు పెట్టుకునుడు సులువు. ఆమె పుస్తకం చదువుడు కష్టం. ఆమె చేసిన పని మనం చేసుడు ఇంకా కష్టం.

మా చదువరుల కూటంలో ఒక విద్యార్థిని మంచి ప్రశ్న అడిగింది. ‘అచ్చమాంబ పుస్తకంలో మా అమ్మమ్మ లాంటిది ఎవరన్నా ఉన్నరా?’ అని. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినం.

ఆ పుస్తకంలో లేనోళ్లు

నిజం చెప్పుకోవాలె. ప్రేమ ఉన్నచోట నిజం చెప్పుకుంటేనే అది నిలబడుతది. అచ్చమాంబ ఎంచుకున్న స్త్రీలు ఎక్కువగ రాణులు, విదుషీమణులు, పేరున్న ఇండ్లోళ్లు. ‘సచ్చరిత్ర’ అంటే మంచి నడవడిక. ఆ మంచి అనేదానికి ఆ కాలం గీసిన గీత ఉన్నది. పతిభక్తి, ఇల్లు, ఓర్పు. ఆ గీతను ఆమె కొంత జరిపింది, పూర్తిగ చెరిపెయ్యలేదు. నాటేసే చెయ్యి, బట్టలుతికే చెయ్యి, చెప్పులు కుట్టే ఇంటి ఆడబిడ్డ, పొలంల కైకిలికి పోయే మనిషి అందుల లేరు. 1901లో రాయనున్న మనిషికి వాళ్ల గురించి చదువ ఒక్క పుస్తకం దొరకదు. వాళ్ల చరిత్ర కాయితం మీద లేదు, నోట్ల ఉన్నది. నోట్ల ఉన్నదాన్ని చరిత్ర అని ఒప్పుకునేందుకు ఇంకో ఎనభై ఏండ్లు పట్టింది.

1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, టేపులు పెట్టి, వాళ్ల మాటలను వాళ్ల మాటల్లోనే అచ్చు వేసిండ్రు. పాలకుర్తి చిట్యాల ఐలమ్మ మాట్లాడింది. మల్లు స్వరాజ్యం మాట్లాడింది. తుపాకి పట్టుకున్న సంగతి చెప్పిండ్రు, అడవుల పిల్లలను కన్న సంగతి చెప్పిండ్రు. పోరాటం అయిపోయినంక ఇంటికి పోయి వంట చేసుకోండ్రి అంటే ఎంత మనసు కాలిందో కూడా చెప్పిండ్రు. మొగోళ్లు రాసిన పోరాట చరిత్రలో ఈ కాలిన మనసు లేదు.

ఒక తేదీ చూడండ్రి. ఐలమ్మ చనిపోయింది 1985 సెప్టెంబరులో. పుస్తకం వచ్చింది 1986లో. ఆ అక్కలు ఒక్క రెండేండ్లు ఆలస్యం చేసి పోతే ఏమయ్యేది? ఐలమ్మ పేరు ఉండేది, పాట ఉండేది. ఐలమ్మ సొంత మాట ఉండకపోయేది.

అచ్చమాంబ కాయితాలలోంచి వెతికి తీసింది. వీళ్లు మనుషుల దగ్గరికి పోయి అడిగిండ్రు. పని ఒక్కటే. లేరు, చెయ్యలేదు, రాదు అన్న మాటకు పేర్లతో జవాబు చెప్పుడు.

మా బాకీ

ఇప్పుడు మా సంగతి. ఇది చెప్పకుంటే ఈ మాటలన్నీ వట్టియే.

కొన్నేండ్ల కింద మాలో ఒకరి ఊర్ల ఒక అవ్వ ఉండె. పేరు చెప్పం. నాట్లప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే వరుసంతా అందుకునేది. ఎన్ని పాటలొచ్చో ఆమెకే తెలువదు. రజాకార్ల కాలంల చిన్నపిల్ల. గడ్డివాముల దాచిన మనుషులకు బువ్వ మోసుకపోయిన సంగతి ఒకసారి మాటల మధ్యల చెప్పిందట. అప్పుడు ఎవ్వరం రాసుకోలేదు. అచ్చమాంబ గురించి చదివినంక మాకు బుద్ధి పుట్టింది. పోయి అవ్వ మాట రికార్డు చేద్దామనుకున్నం. దసరాకు పోదామనుకున్నం. ఆఫీసుల ఆడిట్ వచ్చింది. సంక్రాంతికి అనుకున్నం. పిల్లల పరీక్షలొచ్చినయి. మాఘమాసంల కబురొచ్చింది, అవ్వ పోయిందని.

దినాలకు పోయినం. ఆమె గురించి ఇంట్ల ఉన్న కాయితాలు చూపించమని అడిగినం. రేషను కార్డు ఉన్నది, అండ్ల వయసు తప్పు. పింఛను పుస్తకం ఉన్నది, అండ్ల వేలిముద్ర. గుర్తింపు కార్డు మీద ఫోటో, పక్కన మొగని పేరు. అంతే. తొంభై ఏండ్ల మనిషికి సర్కారు కాయితాల్లో ఉన్న చరిత్ర అంత. ఆమె కోడలు ఒక మాట అన్నది. ‘మీరు వస్తరని రెండు పాటలు మళ్ల యాది చేసుకున్నది సారూ’ అని.

దీనికి ఎవరిని నిందిస్తం? సర్కారునా? పత్రికలనా? మా చేతుల్లో ఫోనున్నది, జేబుల బస్సు చార్జీ ఉన్నది, నెలకు నాలుగు ఆదివారాలున్నయి. ప్లేగు లేదు, భాష తెలువని దేశం లేదు, చదువు వద్దన్నోడు లేడు. అచ్చమాంబకు లేనియన్నీ మాకున్నయి. ఆమెకున్నది ఒక్కటి మాకు లేకపోయింది. ఇది నా పని అనే పట్టుదల.

అందుకే ఈ సభకు వచ్చిన మీ అందరికీ ఒక విన్నపం. ఉపన్యాసం విని పోవద్దు. విద్యార్థులు ఎండకాలం సెలవులకు ఇంటికి పోతరు. ఒక నోటుబుక్కు పట్టుకపోండ్రి. అవ్వనో, అమ్మమ్మనో, పక్కింటి పెద్దమ్మనో కూసోబెట్టి అడుగండ్రి. ఏ ఊర్ల పుట్టినవు? పెండ్లి ఎన్నేండ్లకయ్యింది? మొదలు ఎంత కూలి తీసుకున్నవు? ఏం పాట పాడేటిదానివి? ఎప్పుడు శాన భయపడ్డవు? ఎవరికి ఎదురు చెప్పినవు? ఆమె ఏ మాటతోని చెప్తే ఆ మాటతోనే రాయండ్రి. సాపు చెయ్యకండ్రి, గొప్ప చెయ్యకండ్రి. ఊరి పేరు, తేదీ, అడిగినోళ్ల పేరు కింద పెట్టండ్రి. ఆమె ఒప్పుకుంటేనే బయట పెట్టండ్రి.

ఉద్యోగులకు వేరే మాట. మనం రోజూ ఊరోళ్ల పేర్లు రాసే పనిలోనే ఉన్నం. దరఖాస్తులు, జాబితాలు, హాజరు పట్టీలు. ఆ పేర్ల వెనుక ఒక్కొక్క బతుకున్నదని యాది ఉంచుకుంటే అదే సగం పని.

మేము మొదలువెట్టినం. ఇప్పటిదాంక తొమ్మిది మంది పెద్దమనుషుల మాటలు రాసుకున్నం. అండ్ల ఒకరు బీడీలు చుట్టి ముగ్గురు ఆడపిల్లలను చదివించిన తల్లి. ఒకరు అంగన్‌వాడి ఆయా. ఒకరికి మాట సరిగ్గ వినబడది, అందుకని బిడ్డ పక్కన కూసొని చెవుల చెప్పింది. తొమ్మిది పెద్ద లెక్క కాదు. అవ్వను పోగొట్టుకున్న బాకీ తీర్చేటందుకు అస్సలు సరిపోదు.

మా చదువరుల కూటంలో ఆనాడు ప్రశ్న అడిగిన ఆ విద్యార్థిని, అమ్మమ్మ గురించి తానే రాసుకొచ్చింది. నాలుగు పేజీలు. వచ్చే నెల కూడినప్పుడు అది చదువుకుంటం. ఆమె అమ్మమ్మ కూడా వస్తనన్నది. మీరు కూడా రండ్రి. వచ్చేటప్పుడు మీరు రాసింది ఏమన్నా ఉంటే పట్టుకరండ్రి.

సెలవు.